ఓడ మీద నిద్ర



ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖం ఎరుగదు అని మన పెద్దవాళ్ళ సామెత. నిజంగా నిద్ర ముంచుకొస్తే కటిక నేల మీదైనా పడుకుంటాం. అందుకేనేమో నిద్రను గురించి మనం పెద్దగా ఆలోచించం. తిండి సంగతి మాత్రం మరిచిపోం. దూరాన ఉన్న కొడుకు ఫోను చేస్తే మన నోటి నుంచి వచ్చే మొదటి మాట, "అన్నం తిన్నావా నాయనా?" అనే కదా! "రాత్రి నిద్రపోయావా?" అని అడిగే తల్లులు ఎంతమంది? ఆ అడగని ప్రశ్న గురించే ఈవేళ నాలుగు మాటలు చెబుతాను. అందులోనూ నౌకాదళంలో చేరి, యుద్ధనౌకల మీద వారాలూ నెలలూ గడిపే నావికుల నిద్రను గురించి చెబుతాను.

ఇది మనకెందుకు అనుకోకండి. తూర్పు నౌకాదళానికి ముఖ్యస్థానం మన విశాఖపట్నమే. కొడుకో, అల్లుడో, మరిదో నేవీలో ఉన్న ఇళ్ళు మన ప్రాంతంలో ఎన్నో ఉన్నాయి. ఇప్పుడు ఆడపిల్లలు కూడా వెళుతున్నారు. 2023 మార్చిలో ఒడిశాలోని ఐ.ఎన్.ఎస్. చిల్కాలో మగపిల్లలతో పాటు మహిళా అగ్నివీరులు కూడా మొదటిసారిగా శిక్షణ ముగించుకుని బయటికి వచ్చారు. కాబట్టి ఇది మనింటి సంగతే.

ఊర్మిళాదేవి నిద్ర పాట మన అమ్మమ్మలు పాడుకునేవారు. అన్నగారి వెంట అడవికి వెళ్ళిన లక్ష్మణస్వామి పద్నాలుగేళ్ళు కన్ను మూయకుండా కాపలా కాశాడు, ఇక్కడ ఊర్మిళ పద్నాలుగేళ్ళూ నిద్రపోయింది. కథ ఎంత బాగుందో చూడండి. మెలకువ ఒకరిదైతే నిద్ర ఒకరిది. ఆయన నిద్ర ఎక్కడికీ పోలేదు, ఆవిడ పుచ్చుకుంది. మనిషికి నిద్ర తప్పదని, ఎగవేయడానికి వీలులేని బాకీ అని ఆ పాట కట్టిన ఆడవాళ్ళకు బాగా తెలుసు. కాని మన కాలపు నావికుడి బాకీ తీర్చడానికి ఇంటిదగ్గర ఏ ఊర్మిళా లేదు. పైగా అతను అక్కడ మేలుకుంటే, అతని తల్లీ భార్యా ఇక్కడ కూడా మేలుకునే ఉంటారు!

అసలు ఓడ మీద పడక ఎలా ఉంటుందో ముందు చెబుతాను. రైల్లో స్లీపర్ పెట్టెలో ఒకదాని మీద ఒకటి మూడు బెర్తులుంటాయి కదా. నావికుల పడకలు చాలా ఓడల్లో దాదాపు అలాగే ఉంటాయి. వాటిని బంకులంటారు. మధ్య బెర్తులో పడుకున్నవాళ్ళకు లేచి కూర్చుంటే తల తగులుతుందని మనకు అనుభవమే. రైల్లో ఒక రాత్రి మనం పడే ఇబ్బంది వాళ్ళకు నెలల తరబడి ఇల్లు. ఒకే గదిలో పదులకొద్దీ మనుషులు పడుకుంటారు. ఒకడు డ్యూటీ దిగి వస్తుంటాడు, ఇంకొకడు లేచి బూట్లు వేసుకుంటుంటాడు. ఇంజన్ల హోరు, గాలి గొట్టాల చప్పుడు, మైకులో పిలుపులు, తలుపులు వేసే ఇనుప శబ్దం. సముద్రం కాస్త లేస్తే పడక కూడా ఊగుతుంది. పసిపిల్లకు ఉయ్యాల హాయి గాని, పడిపోకుండా ఒళ్ళు బిగబట్టుకుని పడుకునేవాడికి అది నిద్ర కాదు.

మీలో చాలామంది విశాఖ వచ్చినప్పుడు రామకృష్ణా బీచిలో ఐ.ఎన్.ఎస్. కురుసుర జలాంతర్గామిని చూసి ఉంటారు. 1969లో నౌకాదళంలో చేరి, 2001 దాకా సేవ చేసి, 2002 నుంచి ప్రదర్శనశాలగా మారిన నౌక అది. లోపలికి వెళ్ళి ఈ చివర నుంచి ఆ చివరకు పది నిమిషాల్లో నడిచి వచ్చేస్తాం. వచ్చాక, "అమ్మో, ఊపిరాడలేదు" అంటాం. ఈసారి వెళ్ళినప్పుడు పడకలు ఎక్కడున్నాయో ఒక్క నిమిషం ఆగి చూడండి. టార్పెడోలు ఉండే గదిలోనే మనుషుల పడకలు! నీటి అడుగున ఉన్నన్నాళ్ళూ వాళ్ళకు సూర్యుడూ లేడు, చంద్రుడూ లేడు. పగలో రాత్రో గోడ గడియారం చెప్పాలి.

సరే, పడక ఇరుకైతే సర్దుకోవచ్చు. మన ఇళ్ళల్లో పెళ్ళిళ్ళప్పుడు పదిమంది ఒక గదిలో పడుకోమూ? అసలు చిక్కు పడకతో కాదు, వేళతో.

ఓడ రాత్రిపూట ఆగదు. ఇంజను చూసుకునేవాడు, రాడార్ చూసేవాడు, చుక్కాని పట్టేవాడు, ఎదుట ఏ ఓడ వస్తుందో కనిపెట్టేవాడు ఇరవై నాలుగు గంటలూ ఉండాలి. ఈ కాపలా వంతునే 'వాచ్' అంటారు. పూర్వం నుంచీ వస్తున్న పద్ధతిలో ఒక్కొక్క వాచ్ నాలుగు గంటలు. అర్ధరాత్రి నుంచి నాలుగింటి దాకా ఉండేది మిడిల్ వాచ్. అది ఎవరికీ ఇష్టముండదు. అందుకని సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా ఉన్న వాచ్‌ను రెండు రెండు గంటలుగా విడదీశారు. వాటిని డాగ్ వాచ్‌లంటారు. అలా చేస్తే రోజుకు ఆరు వంతులు కాస్తా ఏడవుతాయి. దాంతో ఈవేళ అర్ధరాత్రి కాసినవాడికి రేపు వేరే వేళ వస్తుంది. కష్టం అందరికీ సమానంగా పంచాలన్న మంచి ఉద్దేశంతో పెట్టిన ఏర్పాటు. న్యాయమైనదే. కాని ఒంటికి ఈ న్యాయం తెలియదు. దానికి తెలిసిందల్లా పొద్దు పొడవడం, పొద్దు కుంకడం.

మన శరీరంలో ఒక గడియారం ఉందని డాక్టర్లు చెబుతారు. ఇంచుమించు 24 గంటల గడియారం. ఉదయపు వెలుగు కంటిలో పడితే దానికి కీ ఇచ్చినట్లు. చీకటి పడగానే మెదడులో మెలటోనిన్ అనే పదార్థం ఊరుతుంది, నిద్రకు సిద్ధం చేస్తుంది. తెల్లవారుజామున ఒంటి వేడి బాగా తగ్గుతుంది, నిద్ర బలంగా లాగేది ఆ వేళలోనే. ఇప్పుడు చూడండి. ఒక రోజు అర్ధరాత్రి పడుకోమని, ఒక రోజు మిట్టమధ్యాహ్నం పడుకోమని, మరునాడు సాయంత్రం పడుకోమని అంటే ఆ గడియారం ఏం చేస్తుంది? పడుకోమన్నప్పుడు నిద్ర రాదు. లేచి ఉండమన్నప్పుడు ఆగదు.

పోనీ డ్యూటీ దిగగానే పడుకోవచ్చు కదా అంటారేమో. వాచ్ ఒక్కటే అతని పని కాదమ్మా. యంత్రాల మరమ్మతు, శుభ్రం చేయడం, రంగులు వేయడం, ఆయుధాల అభ్యాసం, నిప్పంటుకుంటే ఏం చేయాలో డ్రిల్లు, నడిసముద్రంలో ఇంకో ఓడ నుంచి చమురు ఎక్కించుకోవడం, ఇవన్నీ పగటి పనులు. రాత్రి మిడిల్ వాచ్ కాసినవాడికి పొద్దున్నే ఈ పనులూ ఉంటాయి. ఇల్లాళ్ళకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. పసిబిడ్డ రాత్రంతా నిద్రపోనివ్వకపోయినా పొద్దున పాలవాడు వస్తాడు, పెద్దపిల్లవాడి బడి టిఫిన్ డబ్బా కట్టక తప్పదు. బాలింతగా ఉన్నప్పుడు పొయ్యి మీద పాలు పెట్టి ఎదురుగానే నిలబడి, అవి పొంగిపోతున్నా చూస్తూ ఉండిపోయిన సంగతి చాలామందికి అనుభవమే. కళ్ళు తెరిచే ఉన్నాయి, మనసు పడుకుంది. ఈ క్షణకాలపు కునుకునే శాస్త్రజ్ఞులు పరిశోధించారు. 1997లో ఆస్ట్రేలియాలో జరిగిన ఒక పరిశోధనలో, 17 గంటలు ఒకపట్టున మేలుకున్న మనిషి చేతి చురుకుదనం, కొంత తాగిన మనిషితో సమానంగా పడిపోయిందని తేలింది. 24 గంటలైతే ఇంకా ఘోరం. తాగి ఓడ నడుపుతానంటే ఎవరైనా ఒప్పుకుంటారా? నిద్రలేకుండా నడిపేవాణ్ణి మాత్రం గట్టివాడంటారు!

మన వంటింట్లో అయితే పాలు పొంగుతాయి. ఓడ మీద ఏమవుతుంది? 20 నాట్ల వేగంతో పోయే ఓడ పది సెకన్లలో వంద మీటర్లు దాటుతుంది. పది సెకన్ల కునుకు అంటే అదీ లెక్క.

ఈ విషయంలో లోకానికి కళ్ళు తెరిపించినవి అమెరికా నౌకాదళంలో 2017లో జరిగిన రెండు ప్రమాదాలు. వాటి మీద విచారణ జరిపి నివేదికలు బయటపెట్టారు కనుక మనకు వివరాలు తెలిశాయి.

ఆ సంవత్సరం జూన్ 17న, జపాన్ తీరానికి దగ్గరలో, రాత్రి ఒంటిగంటన్నర వేళ ఫిట్జెరాల్డ్ అనే యుద్ధనౌక, సరుకులు మోసుకుపోతున్న క్రిస్టల్ అనే పెద్ద కంటెయినర్ ఓడ ఢీకొన్నాయి. నీటి మట్టానికి కింద ఉన్న ఒక పడకగదిలోకి నిమిషం తిరగకుండా సముద్రం వచ్చేసింది. అందులో 35 మంది ఉన్నారు. చీకట్లో, మెడలోతు నీళ్ళలో, ఒకరినొకరు లేపుకుంటూ 28 మంది మెట్లెక్కి బయటపడ్డారు. ఏడుగురు రాలేదు. ముందురోజంతా పనులతో సిబ్బందిని అలసిపోనిచ్చి, ఆ రాత్రి ప్రయాణం పెట్టుకున్నారని నౌకాదళమే తన నివేదికలో తప్పు పట్టింది.

రెండు నెలలు తిరిగాయో లేదో, ఆగస్టు 21న సింగపూర్ దగ్గర, తెల్లవారుజామున అయిదున్నర కావస్తుండగా, జాన్ ఎస్. మెకెయిన్ అనే ఇంకో యుద్ధనౌక ఆల్నిక్ అనే చమురు ఓడ దారికి అడ్డం వెళ్ళింది. పదిమంది చనిపోయారు. చుక్కాని అదుపు ఒక బల్ల మీద నుంచి మరో బల్ల మీదికి మారిపోతే, అది ఎక్కడుందో వెంటనే తెలుసుకోలేక తికమకపడ్డారు. ఆ వేళ ఓడ నడిపే చోట డ్యూటీలో ఉన్నవాళ్ళు, ముందరి 24 గంటల్లో సగటున అయిదు గంటలు కూడా నిద్రపోలేదని రవాణా ప్రమాదాలను విచారించే అక్కడి సంస్థ లెక్క తేల్చింది.

ఒక్క అలసటే కారణమని ఎవరూ అనలేదు. శిక్షణ చాలకపోవడం, మనుషులు తక్కువ కావడం, కొత్త పరికరాలు సరిగా తెలియకపోవడం, ఇవన్నీ ఉన్నాయి. కాని ఒక్క మాట ఆలోచించండి. రెండుచోట్లా చనిపోయిన పదిహేడు మందీ తమ పడకగదుల్లో ఉన్నవాళ్ళు. తమ వంతు నిద్ర తాము పోతూ, మేలుకుని ఉన్నవాడి మీద ప్రాణం పెట్టుకున్నవాళ్ళు. మేలుకున్నవాడికి ముందురోజు నిద్ర దక్కితేనే పడుకున్నవాడికి భద్రత. ఓడలో నిద్ర ఎవడి సొంత సుఖమూ కాదు, అది అందరి ప్రాణాలకూ సంబంధించిన సరుకు. ఓడకు నూనె ఎంత ముఖ్యమో, ఇదీ అంత ముఖ్యం.

దీనికి మార్గం లేదా అంటే, ఉంది. కాలిఫోర్నియాలో నౌకాదళానికి చెందిన ఉన్నత విద్యాసంస్థలో నీటా షాటక్ అనే ప్రొఫెసర్ ఉన్నారు. ఆడమనిషి. ఏళ్ళ తరబడి నావికుల చేతులకు గడియారాల్లాంటి పరికరాలు కట్టించి, ఎవరు ఎప్పుడు ఎంతసేపు నిద్రపోతున్నారో లెక్కలు తీశారు. 2014లో నిమిట్జ్ అనే విమానవాహక నౌక మీద, అణు రియాక్టర్ చూసుకునేవాళ్ళలో ఆవిడ బృందం రెండు పద్ధతులను పోల్చి చూసింది. ఒకటి అయిదు గంటలు డ్యూటీ, పది గంటలు విరామం. వినడానికి హాయిగా ఉంది కదూ? కాని లెక్క వేయండి. ఈవేళ అర్ధరాత్రి డ్యూటీ మొదలైతే, మళ్ళీ మధ్యాహ్నం మూడింటికి, తరువాత మర్నాడు పొద్దున ఆరింటికి, ఆ పైన రాత్రి తొమ్మిదింటికి. రోజుకు పదిహేను గంటలే అయినట్లు! మధ్యలో పగటి పనులు కలిస్తే ఒక్కోసారి ఇరవై గంటలకు పైగా మేలుకోవలసి వచ్చేది. రెండో పద్ధతి మూడు గంటలు డ్యూటీ, తొమ్మిది గంటలు విరామం. ఇందులో ప్రతివాడికీ రోజూ అదే వేళకు డ్యూటీ, అదే వేళకు పడక. ఈ రెండో పద్ధతిలో ఉన్నవాళ్ళు పరీక్షల్లో చురుకుగా ఉన్నారు, తప్పులు తక్కువ చేశారు, మనసు కూడా కుదురుగా ఉంది. అమెరికా జలాంతర్గాముల్లో కూడా ఎన్నో ఏళ్ళుగా ఉన్న 18 గంటల రోజును వదిలి 24 గంటల రోజుకు మారడం అప్పుడప్పుడే మొదలైంది.

మన అత్తగార్లు చెప్పేదే కదండీ ఇది! వేళకు తిండి, వేళకు నిద్ర. చంటిపిల్లను పెంచే ప్రతి తల్లికీ తెలిసిన సూత్రం యుద్ధనౌకల దాకా చేరడానికి పదిహేడు ప్రాణాలు పోవలసి వచ్చింది. 2017 చివరలో అమెరికా నౌకాదళం తన ఓడలన్నిటికీ ఒంటి గడియారానికి సరిపడే వాచ్‌లు పెట్టమని ఉత్తర్వులిచ్చింది.

అయితే ఉత్తర్వుతో నిద్ర వస్తుందా? 2021లో అక్కడి ప్రభుత్వ తనిఖీ సంస్థ మళ్ళీ వాకబు చేసింది. జవాబిచ్చిన ఓడ అధికారుల్లో తగినంత నిద్రపోతున్నామన్నవాళ్ళు నూటికి 14 మంది. రోజుకు అయిదు గంటలు, అంతకన్నా తక్కువ నిద్ర అన్నవాళ్ళు నూటికి 67 మంది! కారణం మనకు అర్థం కానిది కాదు. మూడు తొమ్మిది పద్ధతి నడవాలంటే నాలుగు జట్లు కావాలి. మూడు జట్లకు సరిపడా మనుషులే ఉంటే ఎవరు ఎవరిని పడుకోబెడతారు? ఇంట్లో ఒక్క మనిషి మీద పదిమంది పని పడితే టైంటేబిలు గోడకు అంటించి లాభమేమిటి?

మర్చంట్ నేవీలో, అనగా సరుకుల ఓడల్లో, పిల్లలున్న తల్లులకు ఒక సంగతి. వాళ్ళకు అంతర్జాతీయ నియమం ఉంది. ఏ 24 గంటల్లోనైనా కనీసం 10 గంటల విశ్రాంతి, వారానికి 77 గంటలు ఇవ్వాలి. ఆ పదిగంటలనూ రెండు ముక్కలకు మించి చేయకూడదు, అందులో ఒకటి ఆరు గంటలకు తక్కువ ఉండకూడదు. ఈ లెక్కలు మీ అబ్బాయిని అడగండి. నిజంగా అందుతున్నాయా అని కూడా అడగండి. యుద్ధనౌకలకు ఈ నియమం వర్తించదు. అక్కడ అంతా పై అధికారి వివేకం మీదే ఉంటుంది.

ఇక మన చేతిలో ఏముందో చెప్పి ముగిస్తాను.

సెయిలింగ్ నుంచి అబ్బాయి సెలవుకు వస్తాడు. మొదటి రెండు రోజులు పగలు పదకొండింటి దాకా లేవడు. రాత్రి రెండింటికి లేచి ఇంట్లో తచ్చాడుతాడు. "కుంభకర్ణుడిలా ఏం నిద్రరా!" అని ఎగతాళి చేయకండి. అది బద్ధకం కాదు, బాకీ వసూలు. చుట్టాలను రెండు రోజులాగి రమ్మనండి. గదికి ముదురు రంగు కర్టెన్ వేయండి. కుక్కరు కూతలు, టీవీ మోత అతని తలాపున లేకుండా చూడండి. అలా అని వారం రోజులూ పగలంతా పడుకోనివ్వకండి. మూడోనాటి నుంచి పొద్దున్నే కాస్త ఎండలో నడిపించండి. గడియారం దారికి వస్తుంది. సాయంత్రం నాలుగు దాటాక టీ కాఫీలు తగ్గించండి. నిద్ర పట్టడానికని మందు పుచ్చుకోవడం మంచిది కాదని మెల్లగా చెప్పండి. మందుతో మత్తు వస్తుంది గాని, నిద్ర మధ్యలో తెగిపోతుంది. రైలు దిగి వచ్చిన రోజే స్కూటరిచ్చి పనుల మీద పంపకండి.

రెండు మూడు వారాలైనా నిద్ర పట్టకపోయినా, గురక మధ్యలో ఊపిరి ఆగినట్లవుతున్నా, ఊరికే విసుక్కుంటున్నా, దిగులుగా ఉంటున్నా, డాక్టరుకు చూపించండి. విశాఖలో నౌకాదళం వారి కల్యాణి ఆసుపత్రి ఉంది. ఇది చెప్పుకోవడానికి సిగ్గుపడవలసిన జబ్బు కాదు. "నిద్ర పట్టడం లేదంటే పిరికివాడనుకుంటారేమో" అని మగపిల్లలు దాచుకుంటారు. వాళ్ళ చేత చెప్పించగలిగింది మనమే.

ఓడ రేవు చేరి ఫోను కలిసినప్పుడు ఇంటి కష్టాలన్నీ ఆ పది నిమిషాల్లోనే ఏకరువు పెట్టకండి. అవసరమైనవి చెప్పాలి, తప్పదు. కాని "ఇంకా మాట్లాడు, ఇంకా మాట్లాడు" అని అర్ధరాత్రి దాకా కూర్చోబెట్టకండి. ఆ గంట అతని నిద్రలోంచే పోతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది చివరగా చెబుతున్నాను. నిద్ర మానుకోవడం గొప్ప అనే మాట పిల్లలు ఓడ ఎక్కాక నేర్చుకున్నది కాదు. మన ఇళ్ళల్లోనే నేర్చుకున్నారు. అందరికన్నా చివర పడుకుని అందరికన్నా ముందు లేచే ఇల్లాలిని మనం మెచ్చుకుంటాం. పరీక్షల ముందు తెల్లవార్లూ చదివే పిల్లవాణ్ణి ఇరుగుపొరుగుకు చూపించి మురిసిపోతాం. ఆ పిల్లవాడే రేపు ఓడ మీద కళ్ళు మూతలు పడుతున్నా, "పరవాలేదు సార్, నేనుంటాను" అంటాడు. అనకూడదని మనం నేర్పాలి. "నాకు నిద్ర వస్తోంది, ఇంకొకర్ని పెట్టండి" అని చెప్పగలిగినవాడే బాధ్యత తెలిసినవాడు. ఆ మాట పిల్లలు నేర్చుకోవాలంటే, మధ్యాహ్నం ఓ అరగంట నడుం వాల్చిన తల్లిని ఇంట్లో ఎవరూ లేపకుండా ఉండడం దగ్గర మొదలుపెట్టాలి.

ఈసారి మీ అబ్బాయి గాని, అమ్మాయి గాని ఫోను చేసినప్పుడు, అన్నం సంగతి అడగండి, వెంటనే నిద్ర సంగతి కూడా అడగండి. జవాబు కాస్త ఓపిగ్గా వినండి.